ముందు మేడ మీదికి చూడు, బిడ్డా

హైదరాబాద్

బిడ్డా,

ఆ ఊరి పాత బజారు పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన డ్రాయింగ్ కూడా చూశాను. పాత బస్టాండ్ స్థలంలో ఐదంతస్తుల కాంప్లెక్స్, కింద రెండంతస్తులూ మడిగెలు, వాటి మీద ఆఫీసులు, అన్నిటికన్నా పైన సినిమా హాలు. గీత శుభ్రంగా ఉంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. కానీ ఆ డ్రాయింగ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. ఇదైతే దగ్గర పెట్టుకుని మళ్లీ చూసుకోవచ్చు.

నా సర్వీసంతా టౌన్ ప్లానింగ్‌లోనే గడిచింది. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ కనబడిన సంగతి ఒకటే. పాత బజారులో ముందు ఖాళీ అయ్యేది మేడ. సేటు కుటుంబం కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోతుంది. పైన ఉన్న రెండు గదుల్లో సరుకు పడేసి తాళం వేస్తారు. ఆ గల్లీలో రాత్రి ఎనిమిది దాటితే లైటు వెలగదు. లైటు లేని గల్లీలోకి ఆడవాళ్లు రారు, వాళ్లు రాకపోతే బట్టల కొట్టు నడవదు, గాజుల కొట్టు నడవదు. కొన్నేళ్లకు కింది షట్టరూ దిగిపోతుంది. అప్పుడు అందరూ వ్యాపారం తగ్గిందంటారు, ఆన్‌లైన్ వచ్చి చంపిందంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ తరుగుడు మొదలైంది మాత్రం మేడ మీద నుంచే. అందుకే నీ పని కూడా అక్కడి నుంచే మొదలుపెట్టమంటున్నాను. మేడల మీదికి మనుషుల్ని మళ్లీ తెస్తే దుకాణాల సంగతి సేట్లే చూసుకుంటారు. వాళ్లకు వ్యాపారం మనం నేర్పనక్కర్లేదు.

నీ ఊరిది ఇంకో కష్టం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక జిల్లా కేంద్రాలైన చిన్న ఊళ్లకు మంచి జరిగింది. కాకపోతే కలెక్టరేట్ భవనాలు చాలాచోట్ల ఊరి బయట, హైవే పక్కన కట్టారు. ఒక్కో ఆఫీసూ అటే తరలిపోయింది. ఇదివరకు భూమి పని మీద వచ్చిన రైతు పనిలో పనిగా బజారులో పాదరక్షలు కొనేవాడు, పిల్లలకు మిఠాయి పొట్లం కట్టించుకునేవాడు. ఇప్పుడు హైవే మీదే బస్సు దిగి, పని చూసుకుని, అక్కడే చాయ్ తాగి వెళ్లిపోతున్నాడు. బైపాస్ పడింది, కొత్త బస్టాండ్ దూరం జరిగింది. బజారుకు రావడానికి ఉన్న కారణాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఎంత అందమైన కాంప్లెక్స్ కట్టినా ఆ కారణాలు తిరిగి రావు. ఏ కారణాన్ని వెనక్కి తేగలవు, ఏది కొత్తగా పుట్టించగలవు అన్నదే నువ్వు ఆలోచించాల్సింది.

కాబట్టి ముందు లెక్క తియ్యి. గూగుల్ మ్యాప్ మీద కాదు, కాళ్ల మీద. గాంధీచౌక్ నుంచి పాత బస్టాండ్ దాకా రెండు వైపులా ఉన్న ప్రతి మడిగెకూ ఒక వరుస రాసుకో. కింద ఏం వ్యాపారం, ఎవరి సొంతం, ఎవరు కిరాయికి ఉన్నారు, ఎప్పటి నుంచి. మేడ మీద ఏముంది: ఇల్లా, గోదామా, తాళమా, కూలిన కప్పా. మేడకు మెట్లు ఎటు నుంచి ఉన్నాయి. కరెంటు మీటరు ఇంటిదా, వ్యాపారానిదా. మున్సిపాలిటీలో ఆస్తిపన్ను రిజిస్టరు అడిగి ఈ వరుసలతో పోల్చుకుంటే చాలా విషయాలు బయటపడతాయి. పన్ను కాగితం మీద నివాసమని ఉంటుంది, వెళ్లి చూస్తే ఎరువుల బస్తాలుంటాయి. ఇదే బజారును తెల్లవారుజామున ఒకసారి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చూడు. ఏ వేళ ఎవరుంటున్నారు, ఏ వేళ ఎవరూ లేరు అన్నది రాసుకో. ఒకే చోట ఇల్లూ వ్యాపారమూ కలిసి ఉండటాన్ని మిక్స్‌డ్ యూజ్ అని పుస్తకాల్లో రంగులు వేసి చూపిస్తారు, పసుపు ఇల్లు, నీలం వ్యాపారం అని. బజారులో మాత్రం దాన్ని గడియారం చూసి కొలవాలి. పొద్దున కూరగాయలు, పగలు ఆఫీసు పనులు, సాయంత్రం షాపింగు, రాత్రి అక్కడే పడుకునే కుటుంబాలు, ఇలా ఒకరు వెళ్లేసరికి ఇంకొకరు వస్తుండాలి.

సొంతదారుల సంగతి తేల్చుకోకుండా ఒక్క గీత కూడా గీయకు. పాత బజారు ఆస్తులు ముక్కుసూటిగా ఉండవు. నలుగురు అన్నదమ్ముల మధ్య పార్టిషన్ దావా నడుస్తున్న ఇల్లుంటుంది. తాత కాలంలో పగిడీ, అంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టి చేరిన కిరాయిదారు కదలనంటాడు. కొంత స్థలం గుడిది, దేవాదాయ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోలేం. కొంత వక్ఫ్‌ది. పాత బస్టాండ్ స్థలం మున్సిపాలిటీదని నువ్వు రాశావు. ఆర్టీసీదా, మున్సిపాలిటీదా, రెవెన్యూదా, కాగితం కళ్లారా చూడు. తగాదా ఉన్న స్థలాలను మ్యాప్ మీద ఎర్రగా గుర్తుపెట్టి, అవి లేకుండానే మొదటి దశ నడిచేలా ప్లాన్ చెయ్యి. కోర్టు తీర్పు కోసం కాచుకుంటే నీ బజారుకు ఇంకో తరం గడుస్తుంది.

ఇక కట్టడాల మాటకొస్తే, మన దగ్గరే ఉన్న పాఠశాల పత్తర్‌గట్టి. చార్మినార్ చుట్టుపక్కల నువ్వు ఎన్నోసార్లు తిరిగావు, కానీ షాపింగ్ కోసం తిరిగావు. ఈసారి టేపు పట్టుకుని వెళ్లు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు బస్తీల స్థానంలో గాలి వెలుతురు ఉన్న ఇళ్లు కట్టడం దాని పని. ఆ బోర్డు కట్టిన బజారే పత్తర్‌గట్టి. రాతి కమానులు, కమానుల వెనక నీడలో నడవడానికి వరండా, దాని వెనక దుకాణాలు, పైన కాపురాలు. కొత్తగా రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్లు ఉట్టి దుకాణాల వరుస కట్టి ఊరుకోలేదు, పైన మనుషులుండాలనుకున్నారు. ఎండకు, వానకు జనం ఎక్కడ నడుస్తారో ఆలోచించారు. నాంపల్లి వైపు వస్తే అదే బోర్డు 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్ ఉంది. దాన్ని మొన్న 2020లో బాగుచేసి తిరిగి తెరిచారు. రాతి గోడల మీది మురికి కడిగి, అడ్డదిడ్డంగా దిగిన రేకులు తీసేశారు. కూల్చి కొత్తది కట్టి ఉంటే ఈ రోజు అక్కడ ఐస్‌క్రీం తినడానికి సాయంత్రం పూట అంతమంది చేరేవారా?

పత్తర్‌గట్టి వరండా నుంచి నీ ఊరికి ఒక బేరం పట్టుకెళ్లొచ్చు. రోడ్డు వెడల్పు చేస్తామంటే ఏ సేటూ ఒప్పుకోడు. ముందున్న ఎనిమిదడుగులు పోతే దుకాణంలో మిగిలేదేముంది? కానీ కింద ఎనిమిదడుగులు నడకకు వదులు, పైన ఆ ఎనిమిదడుగుల మీద కూడా గది వేసుకో అంటే వినడానికి కూర్చుంటాడు. కింద పోయింది పైన వస్తుంది, పైగా కిరాయి వచ్చే ఇల్లుగా వస్తుంది. 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లో, అంటే జీవో 168లో, రోడ్డు కోసం స్థలం వదిలిన వాళ్లకు సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపులు, టీడీఆర్ (వదిలిన స్థలానికి బదులుగా వేరేచోట కట్టుకునే, అమ్ముకునే హక్కు) లాంటివి ఇచ్చే వీలుంది. నీ వరండా ఆలోచన ఆ రూల్స్‌లో ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ ప్రత్యేక అనుమతి కావాలో టౌన్ ప్లానింగ్ వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడు. ఇంకొక్క మాట. వరండా వరుస మొత్తానికి ఒకేసారి రావాలి. ఒకరు వదిలి పక్కవాడు వదలకపోతే అది నడకదారి కాదు, మొదటివాడు సరుకు పరుచుకునే చోటు అవుతుంది. పది మడిగెల ఒక వరుస ఒప్పుకుంటే చాలు, అక్కడ మొదలుపెట్టు.

ఇప్పుడు మెట్ల గురించి. నవ్వకు, ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. పాత బజారులో చాలా మేడలు ఖాళీగా ఉండటానికి కారణం, పైకి వెళ్లే మెట్లు దుకాణం లోపలి నుంచి ఉండటం. సేటు కుటుంబమే పైన ఉన్నప్పుడు అది సుఖం. భోజనానికి పైకెళ్లి వచ్చేవాడు, గల్లాపెట్టె మీద కన్ను ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లు వేరేవాళ్లకు కిరాయికిద్దామంటే వాళ్లు రాత్రి పదింటికి ఎటు నుంచి వస్తారు? దుకాణం షట్టరు దించాక ఇంట్లో వాళ్లు లోపలే బందీలు. దుకాణం ముందుభాగంలో నాలుగైదు అడుగులు మెట్లకు వదలమంటే సేటు గుండె గుభేలుమంటుంది, బజారులో అడుగు అడుగూ బంగారమే కదా. అందుకని రెండు పక్క పక్క ఇళ్లకు కలిపి ఒకే మెట్ల దారి ఇవ్వు, చెరి సగం పోతుంది. వీధిలోకి సొంత తలుపు, తలుపు పక్కన మీటర్లు, పేరు రాసుకునే పలక, బండి పెట్టుకునే జాగా. ఇంత చేస్తే ఆ మేడ ఇల్లవుతుంది.

మెట్ల తర్వాత మురుగు. చిన్న మున్సిపాలిటీల్లో చాలావాటికి భూగర్భ డ్రైనేజీ లేదు, అన్నీ సెప్టిక్ ట్యాంకులే. పాత బజారులో స్థలం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కట్టేసి ఉంటుంది. పదిహేనడుగుల వెడల్పు, ఎనభై అడుగుల పొడవు ఉన్న జాగాలో పైన రెండు కాపురాలు పెడితే వాళ్ల మురుగు నీళ్లు ఎక్కడికి పోతాయి? మోరీలోకే. ఆ వాసనకు కింద మిఠాయి దుకాణం ఎవరు నడుపుతారు? కాబట్టి వరుసకు ఒకటిగా వెనక గల్లీలో ఉమ్మడి ట్యాంకు, దాన్ని తోడే లారీ వచ్చేంత దారి, డబ్బుంటే చిన్న శుద్ధి ప్లాంటు, ఇవి నీ డీపీఆర్‌లో, అంటే పూర్తి ప్రాజెక్టు రిపోర్టులో, మొదటి పేజీల్లో రావాలి. ఎలివేషన్, అంటే ముందువైపు బొమ్మ, చూసి అందరూ మెచ్చుకుంటారు. మురుగు గురించి ఎవరూ అడగరు. కానీ మేడ మీద ఎంతమంది ఉండగలరో తేల్చేది అదే. నీళ్ల సంపు, మోటారు ఎవరివన్నది కూడా అక్కడే రాయి, కిరాయిదార్ల మధ్య జుట్లు పట్టుకునేది సగం దాని మీదే.

ఆ పొడుగాటి ఇళ్లలో ఇంకో లోటు వెలుతురు. ముందూ వెనకా కిటికీలు, మధ్య గదులు చీకటి. పాతవాళ్లు మధ్యలో చిన్న మండువా వదిలేవారు, తర్వాత్తర్వాత దాని మీద స్లాబు వేసి గోదాం చేశారు. ఆ స్లాబు తీయించు. ఒక గది పోతుంది, మూడు గదులు బతుకుతాయి. డంగు సున్నం గోడలు గట్టిగా ఉంటే కూల్చనివ్వకు, వాటికి సిమెంటు పూత కూడా పూయనివ్వకు. తేమ లోపలే ఆగి గోడ పెచ్చులూడుతుంది.

ఇక్కడ కాసేపు ఆగి చదువు. కింద దుకాణం, పైన ఇల్లు అని నేను ఇంతగా చెబుతున్నాను కాబట్టి, దానిలో ఉన్న ప్రమాదం కూడా నేనే చెప్పాలి. 2025 మే నెలలో చార్మినార్ పక్కన గుల్జార్‌హౌజ్ దగ్గర కింద ముత్యాల దుకాణం, పైన కుటుంబం ఉన్న పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. వేసవి సెలవులకు వచ్చిన బంధువులూ ఉన్నారు వాళ్లలో. లోపలికి వెళ్లే దారి ఇరుకు, పైనుంచి దిగడానికి ఉన్నది ఒకటే సన్నటి మెట్ల వరుస. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న భవనం అడుగున నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది ప్రాణాలు తీసింది. మూడు చోట్లా మంటకన్నా పొగ ముందు చంపింది. పొగ మెట్ల దారినే పట్టుకుని పైకి వెళ్తుంది, మనుషులు దిగాల్సిన దారి కూడా అదే.

అందుకని ఇంటి కింద ఏ వ్యాపారం ఉండకూడదో నీ ప్లానులో పేరుపేరునా రాయి. పెయింట్లు, థిన్నర్లు, కెమికల్స్, పరుపులు, ఫోము, టపాసులు, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, పురుగుమందుల గోదాములు, ఇవేవీ ఇంటి కింద వద్దు. కిరాణా, మందుల షాపు, స్టేషనరీ, దర్జీ, బంగారం, టిఫిన్ సెంటర్ పరవాలేదు, వంటగది విడిగా ఉండి పొగ గొట్టం డాబా దాటాలి. మెట్ల దారికి, దుకాణానికి మధ్య తలుపు గానీ కిటికీ గానీ ఉండకుండా పూర్తి గోడ కట్టించు. కరెంటు మీటర్లు, మెయిన్ బోర్డులు ఆ మెట్ల కింద పెట్టనివ్వకు, వీధి గోడ మీదికి మార్పించు. ప్రతి మేడకూ రెండో దారి ఉండాలి. వెనక గల్లీలోకి ఇనుప మెట్లు కావచ్చు, డాబా మీద నుంచి పక్కింటి డాబా మీదికి చిన్న గేటు కావచ్చు. డాబా తలుపుకు తాళం ఉండకూడదు. ఫైరింజన్ చౌక్ దాకా రావడానికి దారి ఉందో లేదో, జనరేటర్లు, ఫ్లెక్సీలు, వేలాడే తీగలు ఎక్కడ అడ్డమో ఫైర్ స్టేషన్ వాళ్లను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం, జనం నిండా ఉన్నప్పుడే చూడు. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా, ఎవరు ఫోన్ చేయించినా మెత్తబడకు.

మేడ మీదికి ఎవరొస్తారని నువ్వు అడుగుతావు. సొంత కారు, పెద్ద హాలు కావాలనుకునేవాళ్లు రారు, వాళ్ల కోసం చూడకు. ఊళ్లో ఆస్పత్రి నర్సులు ఉన్నారు, బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు ఉన్నారు, డిగ్రీ చదివే ఆడపిల్లలున్నారు. వాళ్లంతా ఊరి అవతల కాలనీల్లో ఆటో ఛార్జీలు పెట్టుకుంటూ ఉంటున్నారు. పిల్లలు అమెరికాలోనో ఇక్కడ హైదరాబాద్‌లోనో ఉండి, పెద్దింట్లో ఒంటరిగా ఉంటున్న ముసలి దంపతులూ ఉన్నారు. మందుల షాపు, గుడి, పాలబూత్ నడిచి వెళ్లే దూరంలో ఉంటే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కాకపోతే వాళ్లకు మెట్లు కష్టం. దుకాణం వెనక భాగంలో, నేల మీదే, మండువా వైపు రెండు గదులు వాళ్ల కోసం ఉంచొచ్చు.

మా నల్లకుంట నుంచి నడిచి వెళ్లే దూరంలో చిక్కడపల్లి లైబ్రరీ ఉంది కదా. పొద్దున్నే దాని ముందు గ్రూప్స్‌కు చదివే పిల్లలు బ్యాగులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు కలిసి చుట్టూ ఒక ఊరినే పుట్టించాయి. మేడల మీద హాస్టళ్లు, కింద జిరాక్స్, పాత పుస్తకాలు, టిఫిన్ బండ్లు, మెస్సులు, లాండ్రీ. ఎవరూ దీనికి మాస్టర్ ప్లాన్ గీయలేదు. పగలంతా ఉండి చదువుకోవడానికి ఒక చోటు దొరికింది, మిగతాదంతా దాని వెంట వచ్చింది. నీ పాత బస్టాండ్ స్థలంలో సినిమా హాలు బదులు ఒక మంచి రీడింగ్ రూమ్ పెట్టించు. రాత్రి పదింటి దాకా తెరిచి ఉండాలి, తాగునీళ్లు, ఆడపిల్లలకు శుభ్రమైన టాయిలెట్లు, ఫ్యాన్లు, వైఫై ఉండాలి. చుట్టుపక్కల మండలాల పిల్లలు కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చి ఇరుకు గదుల్లో ఉండలేక అవస్థ పడుతున్నారు. వాళ్లలో కొందరైనా అక్కడే ఆగుతారు. దాని పక్కనే మీసేవ, పోస్టాఫీసు, చిన్న దవాఖానా, వీలైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. కలెక్టరేట్‌ను వెనక్కి తేలేవు. కానీ జనానికి వారం వారం పనిపడే ఒకటి రెండు ఆఫీసులైనా ఊరి నడిబొడ్డున ఉంచమని కలెక్టర్‌ను అడగొచ్చు, వింటారు.

బస్సు కూడా వెనక్కి రావాలి. కొత్త బస్టాండ్ అక్కడే ఉండనీ, ఊళ్ల నుంచి వచ్చే పల్లెవెలుగు బస్సులు పాత బస్టాండ్ దగ్గర ఒక్క స్టాపు ఆగితే చాలు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితం. బజారు ఖర్చు చేసేది ఎక్కువగా వాళ్లే. వాళ్లు దిగే చోటుకి, మొదటి దుకాణానికి మధ్య నీడ, ఒక టాయిలెట్ ఉంటే నీ బజారుకు సగం ప్రాణం వచ్చినట్టే.

నీ డ్రాయింగ్‌లో కూరగాయల వాళ్లను కాంప్లెక్స్ వెనక మొదటి అంతస్తులోకి పంపావు. దయచేసి ఆ పని చేయకు. గంప ముందు పెట్టుకుని కూర్చునే ఆమె దగ్గర కొనేది దారిన పోయేవాళ్లు. కొత్తిమీర కట్ట కోసం ఎవరూ మెట్లెక్కరు. ఆమె అక్కడ కూర్చుంటుంది కాబట్టే పొద్దున ఆరింటికి ఆ వీధిలో మనుషులుంటారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే కావాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు. వార్డు జనాభాలో రెండున్నర శాతం దాకా వాళ్లకు చోటు చూపించమని చట్టమే చెబుతోంది. కమిటీ కాగితం మీదే ఉందేమో కనుక్కో. ఉంటే కూర్చోబెట్టి మాట్లాడు. వరండా అంచున, బస్సు దిగే దారి పక్కన, గీతలు గీసిన జాగాలు, ఒక కుళాయి, చెత్తకు ఒక చోటు, పైన నీడ, వాళ్లకు కావాల్సింది ఇంతే.

కాంప్లెక్సుల సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. ఒక ఊళ్లో మున్సిపాలిటీ కట్టిన రెండంతస్తుల కాంప్లెక్స్ పక్కనే చాలాకాలం నా ఆఫీసు ఉండేది. కింది మడిగెలు వేలంలో ఎగబడి పాడుకున్నారు. పాడుకున్నవాళ్లు వాటిని ఇంకొకరికి రెట్టింపుకు కిరాయికిచ్చి ఇంట్లో కూర్చున్నారు. పై మడిగెలకు షట్టర్లు బిగించారు కానీ ఎవరూ రాలేదు. తుప్పు పట్టిన షట్టర్ల మీద పావురాల రెట్టలు, మెట్ల మీద ఖాళీ సీసాలు. పై అంతస్తుకు వెతుక్కుంటూ వచ్చే వ్యాపారాలు వేరు: వకీలు, దర్జీ, దంతవైద్యుడు, ట్యూషన్, ఫొటో స్టూడియో. చెప్పులు, గాజులు, ఫ్యాన్సీ కావు. అలాంటివి ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అన్నే గదులు కట్టించు, మిగతాది ఇళ్లకు వదులు.

మొత్తం స్థలాన్ని ఒకే బిల్డరుకు లీజుకిస్తే పని తేలికవుతుందని నీకు చెప్పి ఉంటారు. సంతకం ఒకటే కాబట్టి ఆఫీసుకు తేలిక, ఊరికి కాదు. పెద్ద బిల్డరు పెట్టుబడి రావాలంటే కిరాయిలు పెంచాలి, ఆ కిరాయి ఆ ఊరి కిరాణా కొట్టు మోయలేదు. సగంలో డబ్బు ఆగితే పిల్లర్లు మాత్రం నిలబడి ఉంటాయి. దారులు, మురుగు, నీళ్లు, దీపాలు మున్సిపాలిటీ వేయాలి. స్థలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కింద దుకాణం, పైన ఇల్లు కట్టాలన్న షరతు మీద ఊరివాళ్లకే లీజుకివ్వాలి. ఒకడు ఆపినా పక్కవాడు కడతాడు. వేలంలో ఎక్కువ పాడినవాడికే అన్న పద్ధతితో పాటు, పాత మడిగె పోగొట్టుకున్నవాళ్లకు కొన్ని విడిగా ఉంచు, సబ్ లీజు కుదరదని ఒప్పందంలోనే రాయించు.

పార్కింగ్ గురించి ప్రతి మీటింగులోనూ గొడవ అవుతుంది, తయారుగా ఉండు. ఒక్కో ఇంటికీ కింద స్టిల్టు, అంటే గోడలు లేని పిల్లర్ల అంతస్తు, పెట్టి బండ్లు పెట్టమంటారు. ఎత్తు లెక్కలో స్టిల్టు రాదు కాబట్టి బిల్డర్లకూ ఇష్టమే. కానీ బజారు వీధిలో కిందంతా పిల్లర్లు, బండ్లు ఉంటే దుకాణమెక్కడ, చూసే కన్నెక్కడ? చిన్న జాగాలన్నిటికీ కలిపి పాత బస్టాండ్ ఒక మూలన ఉమ్మడి పార్కింగ్ పెట్టి, దానికి డబ్బు కట్టించుకోవడమే మేలు. ఎక్కువ మంది వచ్చేది టూవీలర్ల మీద, దాన్ని బట్టి కొలుచుకో.

తవ్వకాలు ఎప్పుడు మొదలుపెడతావో కూడా వర్తక సంఘంతో కూర్చుని తేల్చుకో. బతుకమ్మ, దసరా, దీపావళి ముందు, రంజాన్ నెలలో, శ్రావణం, మాఘం ముహూర్తాలప్పుడు గుంత తవ్వావంటే ఏడాది వ్యాపారం పోయి, జన్మలో నిన్ను నమ్మరు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా వానలు. పుష్యమాసం ఒక్కటే అటు ముహూర్తాలు, ఇటు వానలు లేని కాలం. ఒక్కో వరుస తీసుకుని, ఆ వరుస వాళ్లకు పాత బస్టాండ్ స్థలంలో రేకుల మడిగెలు ముందే వేసి, కరెంటు ఇచ్చి, అప్పుడు తవ్వు. ఎన్నాళ్లు పడుతుందో నిజం చెప్పు. నాలుగు నెలలయ్యే పనికి రెండు నెలలని చెప్పి మాట పోగొట్టుకోకు.

ఇక ఆ సర్వే పట్టిక తయారవగానే నాకు పంపు. వరుసల్లో మెట్లు ఎటు నుంచి అన్న గడి ఖాళీగా వదలకు. పార్టిషన్ దావాలున్న ఇళ్ల సర్వే నంబర్లు కూడా పంపితే, మన వకీలుతో కూర్చుని ఏవి రాజీకి వచ్చేలా ఉన్నాయో చూస్తాను. ఫైర్ వాళ్లతో తిరిగే సాయంత్రం నన్నూ పిలువు, బస్సెక్కి వస్తాను.

అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామ